బాలింత దాహం

"ఒక్క చెంబుడు నీళ్లు ఇయ్యి వదినా. గొంతు ఎండిపోతా ఉండాది."

"ఎవరి గొంతు? నీ మనవడిదా, నా కూతురిదా?"

"ఇద్దరిదీ. ఆ గొంతులో పడితేనే గదా ఈ గొంతులోకి దిగేది."

"పచ్చి బాలింతకు నీళ్లు పోసే ఆచారం మీ వరికయ్యల సీమలో ఉండాదేమో. ఈ ఉప్పునీళ్ల ఒడ్డున లేదు."

"మా ఊళ్లో గేదెకైనా కుడితి పెట్టకుండా పొదుగు కింద చెంబు పెట్టరు."

"నా కూతురు గేదె కాదు."

"కాదు గనకనే నోరు మూసుకోని పడి ఉండాది. గేదె అయితే పలుపు తెంపుకోని గుంట కాడికి పోయుండును."

ఆ మాటకు మా అవ్వ చేతిలోని గరిటె పొయ్యి గట్టు మీద టంగుమనింది. అవ్వ అంటే మా అమ్మను కన్న తల్లి. ఎదురుగా తడిచీర కొంగు పిండుకుంటా నిలబడింది మా జేజి, మా నాయనను కన్న తల్లి. ఇద్దరికీ నడాన నులకమంచం మీద మా అమ్మ పడుకోని ఉంది. అమ్మ పక్కన పాతచీర చుట్టలో, పుట్టి ఇంకా వారం కూడా కాని మా తమ్ముడు. వాడు ఏడుస్తా ఉన్నాడో మూలుగుతా ఉన్నాడో తెలియడం లేదు. బయట వాన. నేను తలుపు చాటున నిలబడి ఆ ఇద్దరు ముసలమ్మల్లో ఎవరు గెలవాలో తేల్చుకోలేక కాలిగోళ్లతో నేల గీకుతా ఉన్నా.

ఇన్నేళ్ల తర్వాత ఆ తగాదా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ వానల్లో నా చిన్నకూతురు కానుపుకు వచ్చి నా ఇంట్లో ఉంది. ఆసుపత్రిలో కానుపు. తలగడ పక్కన పెద్ద నీళ్ల బాటిలు. డాక్టరమ్మ బాగా తాగమనిందంట, బిడ్డకు పాలిచ్చినప్పుడల్లా గడగడా తాగుతుంది. నేను వద్దనలేదు. కానీ అది బాటిలు ఎత్తినప్పుడల్లా నా చెయ్యి దానంతట అదే కొంగును గట్టిగా పట్టుకుంటుంది. నిన్న నా కూతురు అది చూసింది.

"ఏందమ్మా అట్టా చూస్తా ఉండావు? గుక్కలు లెక్కపెడతా ఉండావా?"

"పెడితే ఏం? నీళ్ల క్యాను ఊరికే ఇచ్చిపోతా ఉండాడా వాడు?" అని కసిరి పంచలోకి వచ్చేసినా.

నా పిసినారితనం ఈ ఇంట్లో అందరికీ తెలుసు. కరివేపాకు కాడల్ని కూడా నేను పారెయ్యను, పులుసులో వేసి తీస్తా. అల్లుడు సబ్బు ముక్క పారేస్తే దాన్ని కొత్త సబ్బుకు అతికించేది నేనే. అందుకని అది నవ్వి ఊరుకునింది. నిజం చెప్పాలంటే నేను ఆలోచించింది క్యాను గురించి కాదు. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. నాకు తెలిసినదంతా ఇళ్లల్లో ముసలోళ్లు చెప్పగా వినిందే, చెయ్యగా చూసిందే. ఒకసారి వంటికి పట్టింది పోవాలంటే డాక్టరమ్మ మాట ఒక్కటి చాలదు.

పంచలో కూర్చుంటే లోపలినుంచి నువ్వులనూనెలో వెల్లుల్లి వేగే వాసన వచ్చింది. కూతురికోసం నేనే పొయ్యి మీద పెట్టి మరిచిన వెల్లుల్లి. లేచిపోయి మంట తగ్గించి వచ్చినా. వాన చినుకూ వెల్లుల్లి వాసనా కలిస్తే నాకు ఇప్పటికీ మా అవ్వ తాటాకు ఇల్లే గుర్తొస్తాది.

ఆ ఏడు చిత్తకార్తె వానలు మొదలయ్యే ముందు అమ్మను కన్న మా తాత పడవ వేసుకోని వచ్చి అమ్మనూ నన్నూ తీసుకుపోయినాడు. అమ్మ నిండుచూలాలు. పడవ నడిమధ్యన గోనెపట్టాలు పరిచి కూర్చోబెట్టినాడు. అవ్వ ఊరిని చుట్టుకున్న ఉప్పునీళ్ల సరస్సు ఆ దినాల్లో నిండీ నిండనట్టు ఉండేది. అక్కడక్కడా మోకాలు లోతే. తాత గెడకర్ర దించితే అడుగున బురదో, ఇసకో, గుల్లలో చేతికే తెలిసేది ఆయనకు. గూడబాతులు గుంపులుగా కూర్చోని, మేము దగ్గరికి పోయేదాకా కదలకుండా, సంతలో బేరం కుదరని ముసలోళ్లమాదిరి చూసేవి.

"తాతా, చెల్లి పుడతాదా, తమ్ముడు పుడతాడా?"

"ఎవరు పుట్టినా నా భుజం మీద నీ చోటు నీదేలేమే" అనినాడు తాత. నేను అడగాలనుకునింది అదేనని ఆయనకు ఎట్టా తెలిసిందో!

అవ్వ ఇల్లు తాటాకుది. గోడలకు ఎర్రమట్టి, చూరు నా ఎత్తుకే వంగి ఉండేది. లోపలికి పోవాలంటే తాత కూడా తల వంచాల్సిందే, అవ్వ ముందు తల వంచే అలవాటు ఆయనకు అట్టానే వచ్చిందని ఊళ్లో ఎగతాళి. ఆ ఇంట్లో వృథా అనే మాట లేదు. ఎండాకాలంలో రాలిన మామిడికాయల్ని కోసి ఉప్పుపట్టించి ఎండబెట్టిన ఒరుగులు ఒక కుండలో, ఎండురొయ్యలు ఒక కుండలో, ఎండిన నెత్తళ్ల చేపలు ఒక కుండలో. వానలు పట్టుకుంటే పడవలు ఒడ్డెక్కుతాయి. అప్పుడు ఇల్లు గడిచేది ఆ కుండలతోనే. వాటిమీద మూత తియ్యాలంటే అవ్వ చెయ్యే తియ్యాలి.

నా చెయ్యి కూడా తీసేదనుకోండి, అవ్వ చెలమ కాడికి పోయినప్పుడు. ఎండురొయ్యల్ని పొయ్యి బూడిదలో ఒక్క నిమిషం పొర్లించి, ఊది, పటుక్కున కొరికితే ఆ రుచి ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చే ఏ తిండికీ లేదు. కానీ మూతి చుట్టూ బూడిద అంటుకునేది. అవ్వ వస్తానే నా మూతి చూసేది.

"ఎలక బాగా బలిసిందే ఈ ఏడు" అనేది తాతతో.

"వానాకాలం గదా, ఎలకలకు కూడా ఆకలే" అనేవాడు తాత, తల ఎత్తకుండా వల బాగుచేసుకుంటా.

చెలమ అంటే ఇసకలో తవ్వుకునే నీళ్లగుంట. మా చుట్టూ కనుచూపు మేర నీళ్లే, కానీ నోట్లో పోసుకుంటే ఉప్పు. తాగే నీళ్లు కావాలంటే ఇసకదిబ్బ కాడికి పోయి, చేతుల్తో తవ్వి, ఊరేదాకా కాచుకోని, కొబ్బరిచిప్పతో తోడి కడవలో పోసుకోవాల. ఆడవాళ్లు గుంట చుట్టూ కూర్చోని, ఊరే నీళ్లను చూస్తా, ఊరందరి సంగతులు మాట్లాడుకునేవాళ్లు. అట్టా తెచ్చిన నీళ్లను అవ్వ ముఖం కడుక్కోవడానికి ఇచ్చేది కాదు. కాళ్లు కడుక్కోవడం మాట అటుంచు, అడిగినా తిట్టేది.

వానలు వచ్చినాక మాత్రం పండగే. చూరు కింద ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వరసగా పెట్టేవాళ్లం. ఒక్కోదాంట్లో చినుకు ఒక్కో రకంగా మోగేది. ఇత్తడిది గట్టిగా, మట్టిది మెల్లగా. నిండినదాన్ని తీసి కాగులో పోసి, ఖాళీదాన్ని పెట్టడం నా పని. ఆ పనిలో నేను తడిసినంత ఎవరూ తడిసేవాళ్లు కాదు.

అట్టా వాన కురుస్తుండగానే తమ్ముడు పుట్టినాడు. మంత్రసాని బయటికి వచ్చి "మగబిడ్డ" అనంగానే తాత అటక మీదినుంచి పాతవల ఒకటి దించినాడు. చేపలకు పనికిరాని వల. దాన్ని నాలుగు మడతలేసి, అంచులు ముడేసి, ఉయ్యాల అల్లడానికి కూర్చున్నాడు. మా అమ్మ పుట్టినప్పుడూ అట్టానే అల్లినాడంట. ముళ్లు బిడ్డ వీపుకు గుచ్చుకోకూడదని ఒక్కో ముడిని బయటివైపుకు తిప్పేవాడు. తిప్పి, తన చెంపకు రుద్దుకోని చూసుకునేవాడు.

ఇల్లంతా బాలింత వాసన పట్టింది. మంచం కింద కుంపట్లో సాంబ్రాణి పొగ. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి కలిపి దంచి చేసిన కాయం ఉండలు. అమ్మకోసం చేసినవి. నోట్లో పెట్టుకుంటే ముందు తియ్యగా, ఆ వెనక చెవుల్లోనుంచి ఆవిర్లు వచ్చేటంత కారం. అమ్మ నాకు దొంగతనంగా చిటికెడు పెట్టేది. నేను నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటుంటే అమ్మ పొట్ట పట్టుకోని నవ్వేది. "నవ్వొద్దే, నడికట్టు వదులవతాది" అని అవ్వ అరిచేది వంటకాడినుంచి.

అమ్మకు పెట్టేదంతా పొడిపొడిగానే. వెల్లుల్లి కారం, నెయ్యి, పిడికెడన్నం. పులుసు లేదు, మజ్జిగ లేదు. నీళ్లు పొద్దున ఒకసారి, మాపు ఒకసారి, వాము వేసి కాచి, చిన్నగిన్నెలో సగం. అంతే. నీళ్లు తాగితే కడుపు జారిపోతుంది, పచ్చి ఒళ్లు ఉబ్బుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది. ఇది అవ్వ ఒక్కదాని మాట కాదు, ఆ ఒడ్డున అందరి మాట.

పాలు పడలేదు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. "ఒకరిద్దరికి ఆలస్యమవతాది" అనిరి. పక్కింటి మేకపాలు తెచ్చి, దూది ముంచి, తమ్ముడి నోట్లో పిండినారు. వాడు చప్పరించి, మళ్లా కక్కినాడు. ముందు గొంతు చించుకోని ఏడ్చినోడు రానురాను తగ్గించినాడు. ఏడుపు తగ్గితే నాకు హాయనిపించింది. అవ్వ మాత్రం ఊరికే పోయి వాడి ముక్కు కాడ వేలు పెట్టి చూసేది.

"సొర తేవాల" అనింది తాతతో. పిల్లసొర చేపను ఉడకబెట్టి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లీ మిరియాలూ వేసి పొడిగా వేయించే సొరపుట్టు తింటే బాలింతకు పాలు ధారకడతాయని మా వాళ్ల నమ్మకం. సరస్సులో సొర దొరకదు. సముద్రం ఒడ్డుకు పోవాల. సముద్రం ఆ దినాల్లో ఎట్టా ఉందో ఇంట్లో కూర్చున్నా వినిపిస్తానే ఉంది. తాత గోనెసంచి నెత్తిన కప్పుకోని అవతలి పాలేనికి నడిచిపోయినాడు. మధ్యాహ్నం దాటినాక, ఒడ్డునుంచి లాగిన వలలో పడిన సొరపిల్లల్ని మూటకట్టుకోని వచ్చినాడు. చలికి ఆయన దవడలు టకటకా కొట్టుకుంటా ఉన్నాయి. అవ్వ ఆయనకు కుంపటి ముందు పీట వేసి, తన పొడిచీర ఇచ్చి చుట్టుకోమనింది. మీసాల తాత ఆకుపచ్చ చీర చుట్టుకోని కూర్చుంటే నేను ఆపుకోలేకపోయినా.

"నవ్వు, నవ్వు. నీ మొగుడు కూడా ఇట్టా కూర్చునే దినం వస్తాది" అనినాడు.

సొరపుట్టు ఘుమఘుమలాడింది. అమ్మ తినింది, గట్టిగా మింగుతా తినింది. ఒక్కో ముద్దకూ కళ్లు మూసుకునేది. కారం, మిరియం, పొడి. తిన్నాక గిన్నె వైపు చూసింది. గిన్నెలో నీళ్లు లేవు.

ఆ సాయంత్రం నేను కాగులో నీళ్లు పోసి వస్తా చూసినా. అమ్మ మంచం గోడవారగా ఉండేది. గోడ పైభాగాన ఆకు చెదిరి, చిన్నసందు. అమ్మ ఆ సందులోనుంచి చెయ్యి బయటికి పెట్టి, చూరు నీళ్లు పడేచోట అరచేయి దొన్నెమాదిరి పట్టింది. నిండాక మెల్లగా లోపలికి తీసుకోని, సగం కారిపోగా మిగిలింది నాలుకతో నాకింది. నన్ను చూసింది. పెదాల మీద వేలు పెట్టింది.

నేను ఎవరికీ చెప్పలేదు. మరుసటి పొద్దు కొబ్బరిచిప్పలో చూరు నీళ్లు పట్టుకోని, గుమ్మం దాకా ఒక్క చుక్క ఒలకకుండా తీసుకుపోయినా. గుమ్మంలో అవ్వ.

"ఎవరికి?"

"నాకు."

"నీకైతే ఈడనే తాగు."

నేను తాగలేదు. అవ్వ చిప్ప లాక్కోని వానలో పారబోసి, నా వీపు మీద ఒక్కటిచ్చింది. అవ్వ చెయ్యి చేపల బుట్టలు మోసిన చెయ్యి. నొప్పికంటే ఆ పారబోసిన నీళ్లకే నేను ఎక్కువ ఏడ్చినా.

జేజి వచ్చింది ఆ పొద్దే. కబురు ఎట్టా చేరిందో, వానలో ఎడ్లబండి మీద కొంత, పడవలో కొంత వచ్చి దిగింది. నాయన వాళ్లూ చేపలు పట్టే మా వాళ్లే. ఎప్పుడో వలలు వదిలి వరికయ్యల పనిలోకి దిగినోళ్లు. నాయన నారుమళ్ల కాడ ఉండిపోయి తల్లిని పంపించినాడు. జేజి అంటే నాకు భయం లేదు. ఆమె చెయ్యి పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. వస్తా వస్తా అరటిగెల, బెల్లం, ఒక పొట్టి నేతిచెంబు. అవ్వ వాటివైపు చూసి, "ఇంతెందుకు వదినా, బూజు పట్టిపోదా" అనింది. జేజి వినలేదు. నేరుగా మంచం కాడికి పోయి తమ్ముణ్ని ఎత్తుకునింది. ఎత్తుకున్న చేతుల్లోనే వాణ్ని కాస్త ఎగరేసి చూసింది, బరువు చూసినట్టు, మళ్లా అమ్మ పక్కనే పడుకోబెట్టింది. అమ్మ పెదాల వైపు చూసింది. పగిలి, అంచుల్లో నెత్తురు ఎండి ఉన్నాయి.

"నీళ్లెప్పుడు తాగినావమ్మా?" అని అడిగింది.

అమ్మ అవ్వ వైపు చూసింది.

మొదట్లో నేను చెప్పిన తగాదా అప్పుడు మొదలయ్యింది. గరిటె మోగింది అప్పుడే. తాత బయట పంచలో ఉయ్యాల ముళ్లు వేసుకుంటా ఉన్నాడు. ఆయన చేతులు ఆగిపోయినాయి.

"నాకు నేర్పొద్దు వదినా" అనింది అవ్వ. గొంతు పెంచలేదు. అవ్వ కోపం వస్తే గొంతు తగ్గించేది. "మా అక్క కథ నీకు తెలియదు."

"ఏం కథ?"

"ఇట్టానే వానల్లో కనింది. ఆడబిడ్డ. కన్న రాత్రే లేచిపోయి కాగులో చెంబు ముంచి, నిలబడి తాగేసింది. ఎవరూ చూడలేదు. పొద్దునకు ఒళ్లు కాలిపోతా ఉండాది. నీళ్లు తాగబట్టే అనిరి అందరూ. ఇంకొక్క చుక్క పొయ్యొద్దనిరి."

"ఆ పైన?"

"నన్ను కాపలా పెట్టినారు. నేను ఇదిగో, ఈ పిల్లంత ఉండాను" అని తలుపు చాటున ఉన్న నన్ను చూపించింది. "నీళ్లు, నీళ్లు అని అడగతానే ఉండాది. నేను ఇయ్యలేదు. నా చెయ్యి పట్టుకోని అడిగింది. ఇయ్యలేదు. అయినా పోయింది. ముందర తాగిన ఆ చెంబే తీసుకుపోయింది దాన్ని. బిడ్డా పోయింది. ఇప్పుడు చెప్పు వదినా. నా కూతురికి నీళ్లు పొయ్యమంటావా?"

మంచం మీద తమ్ముడు మూలగడం కూడా మానేసినాడు.

జేజి తమ్ముణ్ని మంచం మీదినుంచి ఎత్తుకోని వచ్చి, అవ్వ చేతుల్లో పెట్టింది. "మీ అక్క సంగతి నాకు తెలియదు వదినా" అనింది. "నేను కన్నవాళ్లందరికీ కుండెడు కుండెడు తాగినా. మా అత్త పోసింది. ఉన్నమాట చెప్పినా. వీణ్ని పట్టుకోని చూడు. ఎండుచేపమాదిరి ఉండాడు."

అవ్వ వాణ్ని పట్టుకోని నిలబడింది. నీళ్లు ఇయ్యననీ అనలేదు, ఇస్తాననీ అనలేదు.

అప్పుడు తాత పంచలోనుంచి, తల తిప్పకుండానే, వలతో మాట్లాడుతున్నట్టు అనినాడు. "పొద్దున అన్నం వార్చిన గంజి ఉండాది గదా. నీళ్లు వద్దంటే వద్దు. గంజి పోస్తే ఏం? అది అన్నం ఒంట్లోనుంచి వచ్చిందే గదా."

ఆ ఇంట్లో గంజి ఎప్పుడూ కోళ్లకూ, చీరలకూ పోయేది. అవ్వ ఆయన వైపు చూసింది. ఆయన ఏం చేసినాడో ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. నలభై, యాభై ఏళ్లు ఒకరి వంట ఒకరు తిన్నవాళ్లు మాటలు లేకుండా పోట్లాడుకుంటారు, మాటలు లేకుండానే దారి ఇచ్చుకుంటారు. నాకది అప్పుడు తెలియలేదు. నా మొగుడితో కాపరం చేసినాక తెలిసింది.

తమ్ముణ్ని జేజికి ఇచ్చి, అవ్వ గంజికుండను పొయ్యి మీద పెట్టింది. ఉప్పు వేసింది. వాము నలిపి వేసింది. వెల్లుల్లి చితక్కొట్టి వేసింది. కాగినాక పెద్దగిన్నెలో పోసి, తానే ఊది ఊది చల్లార్చి, అమ్మ తల కింద చెయ్యి పెట్టి లేపి, తానే పట్టింది. అమ్మ తాగిన తీరు నేను మరిచిపోలేను. గొంతులో మింగుడు చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. గిన్నె ఖాళీ అయ్యింది. అమ్మ అవ్వ ముఖంలోకి చూసింది.

"ఇంకా కావాల్నా?" అనింది అవ్వ.

అమ్మ తల ఊపింది.

అవ్వ ఇంకా పోసింది. మళ్లా పోసింది. కుండ అడుగు దాకా వచ్చినాక జేజి ఏమీ అడక్కుండా పొయ్యి కాడ కూర్చోని, మిరియాలు దంచి, చింతపండు పిసికి, ఇంత పలచని చారు కాచింది. అడుగున ఏముందో కనపడేటంత పలచన. అవ్వ తొంగిచూసింది. "ఇది చారా, కుడితా వదినా?" అనింది.

"రెండూ" అనింది జేజి.

అమ్మ నవ్వింది. నవ్వితే పెదాలు పగిలి నెత్తురు వచ్చింది. అయినా నవ్వింది. ఆ పొద్దు దీపాలు పెట్టేవేళకు మేమందరం ఆ చారే పోసుకోని అన్నం తిన్నాం. నంజుకోడానికి అవ్వ తన చేత్తోనే కుండమూత తీసి, అందరికీ ఎండురొయ్యలు వేయించి పెట్టింది. నాకు ఎక్కువ పెట్టింది. వీపు మీద కొట్టినందుకని నేననుకున్నా. ఆమె ఏమనుకునిందో చెప్పలేదు. అట్టాంటివి చెప్పే మనిషి కాదు.

ఇన్నేళ్లలో ఆ వానలను నేను చాలాసార్లు తలచుకున్నా. ఉయ్యాలనూ, ఆకుపచ్చచీర తాతనూ, బూడిద అంటిన రొయ్యలనూ తలచుకోని నవ్వుకున్నా. నా పిల్లలకూ చెప్పినా. అవ్వ అక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముందో నాకే తెలియలేదు. పచ్చి ఒళ్లకు ఏ జ్వరమైనా వస్తుంది, అది నీళ్లవల్ల రాదు అని నర్సమ్మ ఒకామె నాకు ఎంతోకాలం తర్వాత చెప్పింది. అది వినిన నాడు నాకు మా తమ్ముడు గుర్తుకు రాలేదు. అక్కకు కాపలా కూర్చున్న ఆ చిన్నపిల్ల గుర్తుకొచ్చింది, నేను చూడనిది, అప్పటి నా అంత ఉన్నది. అవ్వకు ఏ నర్సమ్మా చెప్పలేదు. అయినా అక్కను తీసుకుపోయింది ఆ చెంబుడు నీళ్లు కాదని ఆమెకు తెలిసిపోయింది, నాకంటే ముందే.

మరుసటి పొద్దున వాన ఆగింది. అమ్మకు పాలు పడినాయి. రవికె తడిసి, మంచం మీది బొంత తడిసి, తమ్ముడు ఊపిరాడక దగ్గుతా దగ్గుతా తాగినాడు. తాత చూసి పంచలోకి పోయి గట్టిగా ముక్కు చీదుకున్నాడు. జేజి వీధిలో పోయేవాళ్లందరినీ పిలిచి చెప్పింది. అవ్వ బిడ్డ తాగడం చాలాసేపు నిలబడి చూసింది. చూసి, ఇంటి వెనక్కి పోయింది. నేను వెంట పోయినా. గోడకు ఆనుకోని నేలమీద కూర్చోని, కొంగు నోట్లో కుక్కుకోని ఏడుస్తా ఉంది. నేను "అవ్వా, వాడు తాగతా ఉండాడు గదా" అన్నా. అవ్వ వినలేదు. జేజి వచ్చింది. చూసింది. నన్ను లోపలికి పొమ్మనింది, నేను పోలేదు. జేజి మూలనున్న బిడ్డ గుడ్డల మూట తెచ్చి, కాగులో నీళ్లు తొట్టిలో పోసి, ఉతకడం మొదలుపెట్టింది. కాసేపటికి అవ్వ లేచి ముఖం తుడుచుకోని, జేజి ఉతికినవాటిని ఒక్కోటీ తీసుకోని, పిండి, దండెం మీద ఆరేసింది.